వెళ్లిపోయిన గొంతు

ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ ఆ వీధిలో దాన్ని పలికినవాళ్లు లేరు. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ మాటలక్క. మాట తడబడేవాళ్లకూ, దెబ్బ తగిలో జబ్బు చేసో ఉన్న మాట పోగొట్టుకున్నవాళ్లకూ మళ్లీ మాట నేర్పడం ఆవిడ పని. ఆ పేరు విని ఎవరో గలగలా వాగే మనిషి అనుకుని కొత్తవాళ్లు వచ్చేవారు. తీరా చూస్తే, కూర్చున్నంతసేపూ ఆవిడ ఆడేవి పట్టుమని పది మాటలు కూడా ఉండవు. మిగతా సేపంతా ఎదుటి మనిషి నోటివైపు చూస్తూ, వాళ్ల మాట వాళ్లే పూర్తి చేసుకునేదాకా ఆగేది.

"నేను లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లని బయటికి తీస్తాను. మా ఆవిడేమో గొంతులో ఇరుక్కున్నవాటిని తీస్తుంది. ఇద్దరం ఒకటే పని," అనేవాడు ఆవిడ భర్త. ఆయన లిఫ్టు మెకానిక్.

ఎదుటివాళ్ల మాట కోసం అలా ఆగడం ఆవిడకు అన్న దగ్గర అబ్బింది. చిన్నప్పుడు అన్నకు నత్తి. కొట్టుకు వెళ్లినా, ఇంటికి వచ్చినవాళ్లు పలకరించినా, మెల్లగా చెల్లెలి భుజం పొడిచేవాడు. ఈవిడ టక్కున అందుకుని అన్న చెప్పాల్సింది తను చెప్పేసేది. అన్నంటే ఎంత ప్రేమో అని పెద్దవాళ్లు మురిసిపోయేవారు. పెద్దయ్యాక ఒకరోజు అన్న ఆగి ఆగి, "నువ్వలా అందుకోకుండా ఉంటే నాకు ఎప్పుడో వచ్చుండేదేమోనే," అన్నాడు. తిట్టలేదు, నిష్ఠూరమూ ఆడలేదు. అయినా ఆ మాట ఆవిడలో ముల్లులా దిగబడి అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాత ఎవరి మాటకూ ఆవిడ అడ్డు వెళ్లలేదు.

కొన్నేళ్లు ఒక ఆసుపత్రిలో, చెవి ముక్కు గొంతు విభాగంలో పనిచేసింది. ఆ విభాగం ఎత్తేశాక ఇంట్లోనే వీధివైపు గది ఖాళీ చేసి కుర్చీలు వేసుకుంది. గది సగానికి ప్లైవుడ్ అడ్డం. ఇవతల ఒక బల్ల, బల్లమీద ముఖం మట్టుకు కనిపించే అద్దం. మాట పలికేటప్పుడు ఎవరి నోరు వాళ్లు చూసుకోవడానికి అది. ఊపిరి అదుపు కోసం ఊదడానికి స్ట్రాలు. వీధి చప్పుడు రాకుండా తలుపుకు వేలాడదీసిన పాత బొంత. ఎంత నూనె పోసినా కిర్రుకిర్రుమనే ఫ్యాను. మూలన ఇంటి కంప్యూటరు, దానికి స్పాంజి టోపీ తొడిగిన మైకు.

ఆ మైకు ఆవిడ పనిలో సగం. వచ్చినవాళ్లను మొదటి రోజే రికార్డు చేసేది. పేరు, ఊరు, పని, ఇంట్లో ఎవరెవరున్నారు, అంతే. కొన్ని వారాలు గడిచాక "నాకేం తేడా కనబడట్లేదు" అని నీరసపడితే, మొదటిరోజు గొంతూ ఆవేళ్టి గొంతూ ఒకదాని వెంట ఒకటి వినిపించేది. "అదీ మీరే, ఇదీ మీరే," అనేది. ఎవరెన్ని చెప్పినా రాని ధైర్యం తన గొంతు తనకు సాక్ష్యం చెబితే వస్తుంది. ఆ ముఖాలు వెలగడం చూడటమే ఆవిడకు పెద్ద జీతం.

పని అయిపోయాక ఆవిడకున్న ఒకే ఒక్క వ్యసనం పాత పాటలు. రేడియోలో ఒకప్పుడు విని, మళ్లీ ఎక్కడా దొరకని పాటలు. ఆసుపత్రిలో పాత స్నేహితురాలు, ఒక నర్సు, ఓ రోజు వచ్చి చెప్పింది. "ఇంకా క్యాసెట్ల కోసం తిరుగుతున్నావా? పాటలు పంచుకునే ప్రోగ్రామొకటి ఉందే. ఎవరి కంప్యూటర్లో ఉన్నవి వాళ్లు బయటపెడతారు, కావలసినవాళ్లు తీసుకుంటారు. అంతా ఊరికే."

"ఊరికే ఎవరిస్తారమ్మా?" అన్నాడు పక్కనే ఉన్న భర్త.

"మనమూ ఇస్తాం కదండీ, అందుకని వాళ్లిస్తారు," అంది నర్సు. మాటలక్కకు అది నచ్చింది. ఇచ్చి పుచ్చుకునేదాంట్లో తప్పేముంది?

ఎక్కించేటప్పుడు ఆ ప్రోగ్రాము చాలా ప్రశ్నలు అడిగింది. పేజీ నిండా చిన్న అక్షరాలు, కింద "తర్వాత" అని ఒక మీట. అందరూ చేసినట్టే ఆవిడా తర్వాత, తర్వాత అనుకుంటూ నొక్కుకుపోయింది. ఒక్కచోట మాత్రం ఆగి చదివింది. మీ కంప్యూటర్లో ఏ ఫోల్డరును ఇతరులతో పంచుకుంటారు అని అడుగుతోంది. దిగే పాటలు ఏ ఫోల్డర్లోకి వస్తాయో దాన్నే చూపించింది. పుచ్చుకున్నవాటినే తిరిగి ఇవ్వడం న్యాయం అనిపించింది. మైకులో రికార్డు చేసినవి కూడా ఆ ఫోల్డర్లోకే వెళతాయని ఆవిడకు తెలియక కాదు. తనే అలా పెట్టుకుంది, వినేవన్నీ ఒకచోట ఉంటాయని. ఆ నిమిషంలో ఆ సంగతి తట్టలేదు. అంతకు మించి జరిగిందేమీ లేదు.

ఆ రోజు నుంచి కంప్యూటరు వెలిగించగానే ఆ ప్రోగ్రాము కూడా దానంతటదే నిద్ర లేచేది. తెర మూలన చిన్న బొమ్మగా కూర్చుని ఎవరినీ అడక్కుండా తన పని తను చేసుకుపోయేది. ఆవిడ పని చేస్తున్నంతసేపూ అదీ పని చేసేది.

కండక్టరు వచ్చింది ఆ రోజుల్లోనే. బస్సు డిపోలో టైర్లు మార్చే మనిషి. మనుషులు చాలక కండక్టరు డ్యూటీ వేశారు. వెంట భార్య వచ్చింది. "ఈయన స్టాపు పేరు చెప్పడం పూర్తయ్యేసరికి బస్సు తర్వాతి స్టాపులో ఉంటోందండీ," అని నవ్వుతూ మొదలుపెట్టి, నవ్వు మధ్యలోనే కళ్లు తుడుచుకుంది.

నత్తి ఉన్నవాళ్లకు అన్నిటికన్నా కష్టం సొంత పేరు. ఇంకో మాటైతే మార్చి చెప్పుకోవచ్చు, పేరుకు బదులు పేరు ఎక్కణ్ణుంచి వస్తుంది? అతని పేరు పెదాలు కలిపి మొదలుపెట్టే పేరు. మైకు ముందు కూర్చోగానే పెదాలు అతుక్కుపోయాయి. మెడ నరాలు ఉబ్బాయి. విడదీసుకున్నాడు, మళ్లీ అతుక్కున్నాయి. మాటలక్క మధ్యలో ఒక్కసారి మెల్లగా, "తొందరేం లేదండీ," అంది. చివరికి పేరు బయటపడింది. చొక్కా చెమటతో తడిసిపోయింది. ఆ రికార్డింగును ఆవిడ "కండక్టర్ మొదటి రోజు" అని రాసి దాచింది.

వారాలు గడిచేకొద్దీ అతను "మాటలక్కగారు" మానేసి "అక్కా" అనడం మొదలుపెట్టాడు, ఈవిడ "తమ్ముడూ" అంది. ఒకరోజు ఈవిడ చెప్పకుండా అతని బస్సెక్కి వెనక సీట్లో కూర్చుంది. స్టాపుల పేర్లన్నీ పాటలా పాడాడనలేం గానీ ఏ పేరూ దాటిపోకుండా చెప్పాడు. ఒకచోట ఆగినా కంగారుపడకుండా ఊపిరి పీల్చుకుని అందుకున్నాడు. ఈవిడ దిగిపోయింది, కనబడలేదు కూడా. ఇంటికొచ్చి భర్తకు చెప్పుకుని మురిసిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు అతను రావడం మానేశాడు. అవసరం తీరిపోయిందేమో అనుకుంది. నయమైనవాళ్లు మళ్లీ గడప తొక్కకపోవడమే ఆ పనిలో గెలుపు.

మాటలక్క చెల్లెలు ఇల్లు మారి, కొత్తింటికి భోజనానికి పిలిచింది. చేతులు కడుక్కుని కూర్చున్నారు. మరిది మంచి హుషారు మనిషి. జేబులోంచి ఫోను తీసి, "వదినగారూ, ఇది విన్నారా? ఇది వినకపోతే ఈ ఊళ్లో లేనట్టే," అంటూ ఒక మీట నొక్కాడు.

ముందు డప్పుల మోత. తర్వాత ఒక మగగొంతు, అతుక్కుపోయిన పెదాల మధ్య నుంచి ఒకే అక్షరం మళ్లీ మళ్లీ. ఎవరో దాన్ని తాళానికి సరిపడా ముక్కలు చేసి అతికించారు. అక్షరం, డప్పు, అక్షరం, డప్పు. ఊపు పెరిగి పెరిగి ఒక్కసారిగా ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఒక ఆడగొంతు, ఎంతో నిదానంగా, "తొందరేం లేదండీ," అంది. వెంటనే బస్సు హారను. పిల్లలు కుర్చీల్లోంచి జారిపడేలా నవ్వారు. చిన్నవాడు ఆ మాటను అచ్చం అలాగే అని చూపించాడు.

ఆ మాట వెనక, హారనుకు ముందు, కిర్రుమన్న చప్పుడొకటి ఉంది. ఆ చప్పుడు మాటలక్కకు తప్ప ఎవరికీ వినపడలేదు.

"అక్కా, ఆవిడ గొంతు కాస్త నీలా లేదూ?" అంది చెల్లెలు నవ్వుతూనే.

"ఎక్కడిదిది?" అని అడిగింది మాటలక్క. తన గొంతు తనకే పీలగా వినిపించింది.

"ఎక్కడిదేమిటి వదినగారూ, అందరి దగ్గరా ఉంది. మా ఆఫీసులో ఎవడు ఆలస్యంగా వచ్చినా ఇదే పెడతాం. ఎవడు చేశాడో గానీ మహానుభావుడు!"

మాటలక్క కంచం పక్కకు జరిపింది. ఒంట్లో బాగాలేదని చెప్పి లేచింది. చెల్లెలు గుమ్మందాకా వచ్చి, "ఏమైందే?" అని అడిగితే, తర్వాత చెబుతానని చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి కంప్యూటరు వెలిగించింది. మూలనున్న బొమ్మను తెరిచింది. దిగుతున్నవి చూసుకోవడమే తప్ప, వెళుతున్నవి అని పక్కనే ఇంకో పేజీ ఉందని అంతవరకూ ఆవిడ పట్టించుకోలేదు. నొక్కింది. పాటల పేర్ల మధ్యలో, పక్కపక్కనే, బడిపిల్లల్లా బుద్ధిగా వరసలో ఉన్నాయి: పక్షవాతం పెద్దాయన. టైలరు గారి పాప. కండక్టర్ మొదటి రోజు. ఆ ఆఖరిదాని ఎదురుగా ఆకుపచ్చ గీత ఒకటి కొంచెం కొంచెంగా పెరుగుతోంది. ఎక్కడో ఎవరో ఆ క్షణాన దాన్ని తీసుకుంటున్నారు. ఆపే మీట ఎక్కడుందో కనబడలేదు. గోడ దగ్గరికి పరిగెత్తి ప్లగ్గు లాగేసింది.

"షాక్ కొట్టిందా?" అంటూ భర్త లోపల్నుంచి వచ్చాడు.

ఆవిడ చెప్పింది. ఆయన ఊడిన ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాడు. "తాడు తెగినా లిఫ్టు కిందపడకుండా పట్టుకునే బ్రేకొకటి ఉంటుంది. దీనికి అలాంటిదేమైనా ఉందేమో అడుగుదాం పద," అన్నాడు.

కంప్యూటరును దుప్పట్లో చుట్టి, బజారు చివర రిపేరు షాపుకు తీసుకెళ్లారు. షాపు నడిపేది ఒక నడివయసావిడ, జుట్టు ముడేసుకుని చేతిలో స్క్రూడ్రైవరుతో ఉంది. అంతా విని, వైర్లు తగిలించి చూసింది.

"కండక్టర్ అని పేరు పెట్టారు కదా. ఎవడో కండక్టరు జోకులని వెతికుంటాడు, ఇది తగిలుంటుంది," అంది.

"దాన్ని తీసేయించండి. ఎంత కష్టమైనా సరే."

"ఎక్కణ్ణుంచి తీయమంటారమ్మా? ఒక పెద్ద గోదాం ఉంటే అందులోంచి తీయొచ్చు. ఇక్కడ గోదామంటూ లేదు. మీ దగ్గర తీసుకున్నవాడు ఇంకొకడికి ఇస్తాడు, వాడు మరొకడికి. మీది పీకేసినా వాళ్లవి వెలుగుతూనే ఉంటాయి. ఇప్పుడు ఫోన్లలోకి కూడా ఎక్కేసింది."

"మరి నేనేం చెయ్యాలి?"

రిపేరావిడ స్క్రూడ్రైవరు కింద పెట్టింది. "ఇక మీదటైతే చెప్తాను. పనికి సంబంధించినవి ఈ పెట్టెలోనే ఉంచకండి, వేరే డిస్కులో పెట్టి, పనవ్వగానే పీకి బీరువాలో దాచుకోండి. పంచుకోక తప్పదనుకుంటే దానికి విడిగా ఒక ఫోల్డరు పెట్టి అదొక్కటే చూపించండి. కంప్యూటరుతో పాటు అది లేవకుండా ఆపండి. దిగినదేదైనా సరే వైరస్ చూసుకోకుండా తెరవకండి. మీరు దించినవాటిలో రెండు అసలు పాటలే కావు, పాట పేరు పెట్టుకుని వచ్చిన దొంగలు. వాటిని తీసేశాను."

"ఇవన్నీ ముందే ఎవరైనా చెప్పుంటే..."

"ఎవరు చెప్తారమ్మా? నా దగ్గరికి అందరూ ఇల్లు కాలాకే వస్తారు," అంది ఆవిడ, తప్పు తనదే అన్నట్టు తల దించుకుని.

పోలీస్ స్టేషనుకూ వెళ్లారు. ఫిర్యాదులు రాసుకునే ఉద్యోగి మర్యాదగా కుర్చీ వేశాడు. ఆధారం కావాలి కాబట్టి వినక తప్పదని ఫోను చెవికి పెట్టుకుని ఆ ముక్క విన్నాడు. పెదాలు బిగబట్టాడు, బల్లమీది కాగితాలవైపు చూశాడు, అయినా నవ్వు ఆగలేదు. "క్షమించండమ్మా," అంటూ మొహం పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, "కేసు ఎవరి మీద పెట్టమంటారు? డప్పులు అతికించింది ఎవరో తెలియదు. పంపినవాళ్లు లెక్కలేనంతమంది. ముందుగా బయటపెట్టింది ఎవరంటే మీ పేరే రాయాల్సొస్తుంది," అన్నాడు. భర్త ఆవిడ మోచెయ్యి పట్టుకుని లేపాడు.

ఇక మిగిలింది కండక్టరుకు చెప్పడం. మర్నాడు ఒక్కతే డిపోకు వెళ్లింది. కండక్టర్ల గదిలో అడిగితే, అతను మళ్లీ టైర్లలోకి వెళ్లిపోయాడన్నారు. తనే అడిగి వేయించుకున్నాడట. షెడ్డులో బస్సు కింద జాకీ పెట్టి చక్రం విప్పుతున్నాడు. ఈవిడను చూసి లేచి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. మొహంలో ఆశ్చర్యం లేదు.

"తమ్ముడూ, నీకు ఒక సంగతి చెప్పాలి."

"తె... తెలుసక్కా. బస్సులో విన్నా. స్టాపు చెప్పగానే వెనక సీట్లోంచి అన్నారు, మీరన్న మాట. ఫోన్లో పెట్టి వినిపించారు. ఫ్యాను చ... చప్పుడు తెలిసింది నాకు." ఆగాడు. "ఎందుకిచ్చారక్కా?"

"నేను ఇవ్వలేదు. పోయింది."

"ఇవ్వకపోతే ఎలా పోతుంది?"

చెప్పింది. పాటలు, ఫోల్డరు, తర్వాత తర్వాత అని నొక్కుకుపోవడం. చెబుతున్నకొద్దీ అది తనకే దొంగసాకులా వినిపించింది. ఎంత చెప్పినా చివరికి మిగిలేది ఒక్కటే, అతను తలుపు మూసిన గదిలో నమ్మి వదిలిన గొంతును ఈవిడ వీధిలో పెట్టింది.

"తీసేయొచ్చా?" అన్నాడు.

"లేదు తమ్ముడూ. అందరినీ అడిగాను. కుదరదట."

తలూపాడు. తర్వాత ఇంకేదో చెప్పబోయాడు. పెదాలు కలిశాయి, అతుక్కున్నాయి. మెడ నరాలు లేచాయి. అచ్చం మొదటి రోజులాగే. ఇన్నాళ్లూ కష్టపడి కట్టుకున్నదంతా కూలిపోయి ఉంది, ఆవిడ కళ్లముందే. అలాంటప్పుడు అనే మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట ఇక తనది కాదు. నోరు మూసుకుని నిలబడింది. ఆగింది. ఎంతమంది కోసమో ఆగింది గానీ ఇంత బరువుగా ఎన్నడూ ఆగలేదు.

"ఏయ్, ఆ బండి బయటికి వెళ్లాలి, చక్రం అయిందా లేదా?" అని అవతల నుంచి మేస్త్రీ కేకేశాడు. కండక్టరు చెయ్యి అడ్డంగా ఊపాడు, వద్దులే అన్నట్టు. వంగి పానా అందుకున్నాడు. అతను చెప్పబోయింది తిట్టో, క్షమాపణో, ఇంకేదైనా అడగబోయాడో ఆవిడకు తెలియలేదు. ఆ తర్వాత కూడా తెలియలేదు.

గేటు దగ్గర అతని భార్య భోజనం క్యారేజీతో ఎదురైంది. కోపంతో అరిచినా బాగుండేది. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందండీ," అని మాత్రం అని, లోపలికి నడిచింది.

మాటలక్క మిగతావాళ్లందరికీ తనే వెళ్లి చెప్పింది. టైలరు ఆ సాయంత్రమే పాపను మాన్పించాడు. పక్షవాతం పెద్దాయన కొడుకు, "మా నాన్న గొంతు ఎవరికి కావాలిలెండి," అని నవ్వి తేల్చేశాడు. ఆ నవ్వూ ఆవిడకు సాంత్వన ఇవ్వలేదు. రికార్డింగులన్నీ చెరిపేసింది. ఆ ప్రోగ్రామూ పాటలూ పోయాయి. ఎక్కడెక్కడ ఆ డప్పుల ముక్క పెట్టి ఉందో వెతికి, దయచేసి తీసేయండి, ఇందులో ఉన్నది నిజం మనిషి అని రాసేది. కొందరు తీసేశారు. కొందరు ఆ ఉత్తరాన్నే పైన అతికించి మరీ నవ్వుకున్నారు. ఒకచోట తీస్తే మరోచోట మొలిచింది. చెంబుతో చెరువు తోడినట్టని భర్త అన్నాడు గానీ ఆపమనలేదు.

కొన్ని నెలలకు జనానికి ఆ ముక్క మొహం మొత్తింది. వాళ్లకు నవ్వుకోవడానికి ఇంకోటి దొరికింది. చెల్లెలింట్లో పిల్లలు కూడా మర్చిపోయారు. చెల్లెలికి మాత్రం ఈవిడ చెప్పింది. చెల్లెలు ఏడ్చింది, మరిది చాలాకాలం ఈవిడ ఎదుటపడలేదు. కండక్టరు టైర్లలోనే ఉండిపోయాడు. బజార్లో ఒకసారి ఎదురై తల వంచి దణ్ణం పెట్టాడు, పలకరించలేదు.

నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు తగ్గినా ఆవిడ పని మానలేదు, ఆవిడకు వేరే పని రాదు. కానీ మైకు తీసేసింది. ఆ మధ్య గొంతు పోయిన బడి టీచరొకావిడ వస్తుండేది. నెల తిరిగేసరికి గుసగుస నుంచి మామూలు మాటలోకి వచ్చింది, పైకి చదవగలుగుతోంది. అయినా ఒకరోజు దిగులుగా, "నాకేం తేడా తెలియట్లేదండీ. నిజంగా బాగుపడుతున్నానా?" అని అడిగింది.

"చాలా," అంది మాటలక్క.

"మొదట్లో ఎలా ఉండేదాన్నో వినిపిస్తారా? ఇంతకుముందు అలా వినిపించేవారట కదా."

"ఇప్పుడు చెయ్యట్లేదు."

"మరి నాకెలా తెలుస్తుంది?"

"నేను విన్నాను కదా, చెబుతున్నాను," అంది మాటలక్క.

టీచరు సరేనని తలూపింది గానీ నమ్మినట్టు కనబడలేదు. తర్వాతి వారం ఆవిడ రాలేదు.